ధరలు తగ్గాయంటారు, మరి బిల్లు తగ్గదేం?

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. బీకాం చదివాను. నలుగురైదుగురు చిన్న షాపుల వాళ్లకు ట్యాలీలో లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసి పెడుతున్నాను. సొంత కంప్యూటర్ లేదు. అరండల్‌పేటలో తెలిసినవాళ్ల ఆఫీసుకు సాయంత్రాలు వెళ్లి చేసుకుంటున్నాను. ఇప్పుడు ఇంట్లో డెస్క్‌టాప్ కొందామనుకుంటున్నాం. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపువాళ్లు ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 22 అంగుళాల మానిటర్‌తో 47 వేలకు కొటేషన్ ఇచ్చారు. గుంటూరులోనే ఇంకొకరు, ఆఫీసుల్లో వాడి తీసేసిన ఐ5 సిస్టమ్‌ను మానిటర్‌తో కలిపి 16 వేలకే ఇస్తామంటున్నారు. మావారి చదువు కోసం 1999 దసరాకు మా మామగారు 45 వేలు పెట్టి కంప్యూటర్ కొన్నారట. ‘పాతికేళ్ల తర్వాత కూడా అంతే రేటు. ఇంక తగ్గిందెక్కడ?’ అంటారు ఆయన. ‘కంప్యూటర్ల రేట్లు తగ్గేవేగానీ పెరిగేవి కావు, ఆరు నెలలు ఆగితే పదివేలు మిగులుతాయి’ అంటారు మా బావగారు. ఆగమంటారా, కొనమంటారా? కొంటే ఏది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు:

కొనండమ్మా. ఆరు నెలలు ఆగొద్దు. అలాగని ఆ 47 వేల కొటేషన్ ఉన్నదున్నట్టు ఒప్పుకోవద్దు, ఆ 16 వేల సిస్టమ్ జోలికీ వెళ్లొద్దు. ఎందుకో చెబుతాను. ముందు మీ మామగారి మాట తీసుకుందాం. ఆయన అడిగిన ప్రశ్న చాలామందికి తట్టేదే, దానికి సరైన జవాబు మాత్రం షాపులో దొరకదు.

1999లో 45 వేలకు వచ్చే సిస్టమ్ అంటే మామూలుగా 64 ఎంబీ ర్యామ్ (పని నడుస్తున్నంతసేపు డేటాను పట్టి ఉంచే తాత్కాలిక మెమరీ), నాలుగు జీబీ పైచిలుకు హార్డ్‌డిస్క్, సగం బల్లను ఆక్రమించే పిక్చర్ ట్యూబ్ మానిటర్. మీ కొటేషన్‌లో ఉన్న 16 జీబీ ర్యామ్ దానికి 256 రెట్లు. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్లు దాచుకునే చోటు, ఆనాటి హార్డ్‌డిస్క్‌కు వందరెట్లకు పైనే. కాబట్టి తగ్గింది సరుకు రేటు. బిల్లు కాదు. మామగారు చూస్తున్నది బిల్లు, బావగారు చూస్తున్నది రేటు. అందుకే ఇద్దరి మాటా కలవడం లేదు.

బిల్లు కూడా నిజానికి అంతే లేదు. 1999లో డాలరు 43 రూపాయల దగ్గర ఉండేది. ఇప్పుడు 90కి అటూ ఇటూ ఉంది. కంప్యూటర్‌లోని ఖరీదైన ముక్కలన్నీ డాలర్ల లెక్కన వచ్చేవే. ఆనాటి 45 వేలు వెయ్యి డాలర్ల పైమాట, ఇప్పటి 47 వేలు సుమారు 520 డాలర్లు. అమెరికాలో కూర్చున్నవాడికి సగానికి తగ్గినట్టు కనిపించేది మనకు అలాగే ఉన్నట్టు కనిపిస్తోంది. మామగారికి డాలర్ల గొడవ ఎందుకనుకుంటే బంగారంలో చెప్పండి. ఆ ఏడాది పది గ్రాములు నాలుగు వేల పైచిలుకు ఉండేది. ఆయన పెట్టిన డబ్బుకు పన్నెండు కాసుల పైనే వచ్చేది. ఇప్పుడు పది గ్రాములు లక్ష దాటిపోయింది కదా, మీ 47 వేలకు ఒక కాసు కూడా రాదు. కొడుకు చదువు కోసం ఆయన ఆ రోజు ఎంత పెద్ద ఖర్చుకు సిద్ధపడ్డారో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది. ఆ మాట ఆయనతో అంటే సంతోషిస్తారు కూడా.

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఈ తగ్గుదల ఎంతో కళ్లకు కడుతుంది. 1980లో సీగేట్ కంపెనీ చిన్న కంప్యూటర్ల కోసం తెచ్చిన మొదటి హార్డ్‌డిస్క్ సామర్థ్యం 5 ఎంబీ, ధర 1,500 డాలర్లు. అంటే ఒక్కో ఎంబీ 300 డాలర్లు. ఇవాళ మీ ఫోనులో తీసిన ఒక మంచి ఫొటోకు అందులో చోటు సరిపోతే గొప్పే. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు ప్రారంభ ధర 1,565 డాలర్లు. అందులో ర్యామ్ 16 కేబీ. ఎంబీ కాదు, అందులో సుమారు వెయ్యో వంతైన కేబీ. ఆ రేటుకు మానిటర్ లేదు, ఫ్లాపీ డ్రైవ్ కూడా లేదు, అవి విడిగా కొనుక్కోవాలి.

తగ్గడానికి అసలు కారణం చిప్పుల తయారీలో ఉంది. ఒకే సైజు సిలికాన్ ముక్క మీద ఏటేటా ఎక్కువ ట్రాన్సిస్టర్లు (చిప్పులోని బుల్లి కరెంటు స్విచ్చులు) పట్టించడం నేర్చుకున్నారు. తర్వాత ఇంటెల్ స్థాపకుల్లో ఒకడైన గోర్డన్ మూర్ 1965లో ఇవి ఏడాదికి రెట్టింపవుతాయని లెక్కగట్టాడు, 1975లో దాన్ని రెండేళ్లకు సవరించాడు. ముక్క ఖర్చు పెద్దగా మారకుండా అందులో పట్టేది రెట్టింపవుతుంటే, ఒక్కో ట్రాన్సిస్టరు ఖరీదు పడిపోక ఏమవుతుంది? మన దేశంలో దీనికి పన్ను కూడా తోడైంది. 1997లో భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరింది. ఆ తర్వాత కంప్యూటర్ల మీద దిగుమతి సుంకాన్ని దశలవారీగా తగ్గిస్తూ 2005 నాటికి సున్నాకు తెచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే హెచ్‌సీఎల్ 9,990 రూపాయలకు, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్‌తో ఒక డెస్క్‌టాప్ తెచ్చింది. పదివేల లోపు కంప్యూటర్ అని అప్పట్లో పెద్ద వార్త.

మరి అక్కడి నుంచి ఇంకా కిందికి, ఐదువేలకు, మూడువేలకు ఎందుకు రాలేదు? చిప్పు చవకవుతుందిగానీ రేకు క్యాబినెట్, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్, కీబోర్డు, మానిటర్ అద్దం, లారీ కిరాయి, షాపు అద్దె, బిగించే కుర్రాడి జీతం ఏవీ దాని వెంట తగ్గవు. విండోస్ ఖరీదు సరేసరి. కంపెనీలు కూడా పాత చిప్పును సగం రేటుకు అమ్ముతూ కూర్చోవు, దాన్ని ఆపేసి అదే రేటుకు రెట్టింపు పనిచేసేది తెస్తాయి. ఆ పైన సాఫ్ట్‌వేర్ ఒళ్లు పెరుగుతూ ఉంటుంది. విండోస్ 95 నడవడానికి కనీసం 4 ఎంబీ ర్యామ్ కావాలన్నారు. 2021లో వచ్చిన విండోస్ 11కు కనీసం 4 జీబీ. సరిగ్గా 1,024 రెట్లు. ఇంతా చేసి మీరు ఎక్కించేది అదే సేల్స్ వోచరు, అదే పర్చేజ్ బిల్లు.

ఇక బావగారి మాట. రేట్లు తగ్గేవేగానీ పెరిగేవి కావన్నది మొత్తం మీద నిజం, ఏ ఒక్క ఏడాదికీ పూచీ లేని నిజం. ర్యామ్ చరిత్ర చూడండి. 1999 సెప్టెంబరులో తైవాన్‌లో పెద్ద భూకంపం వచ్చి అక్కడి చిప్పుల ఫ్యాక్టరీలు ఆగితే ప్రపంచమంతా ర్యామ్ రేట్లు ఎగిశాయి. అది మీ మామగారు దసరాకు కంప్యూటర్ కొనడానికి నెల ముందే. 2011లో థాయిలాండ్‌ను వరదలు ముంచినప్పుడు హార్డ్‌డిస్కుల వంతు వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది అంతకన్నా పెద్దది. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు ప్రధానంగా చేసేవి మూడే కంపెనీలు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకు కావలసిన ఖరీదైన మెమరీలో లాభం ఎక్కువ కాబట్టి ముగ్గురూ ఫ్యాక్టరీలను అటు తిప్పారు. 2025 ద్వితీయార్ధం నుంచి మనలాంటివాళ్లు కొనే ర్యామ్ రేట్లు కొన్ని రకాల్లో రెండింతలు, మూడింతలు అయ్యాయి. ఎస్‌ఎస్‌డీలకూ ఆ సెగ తగిలింది. ఆ ఏడాది డిసెంబరులో మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆరు నెలల్లో ఇదంతా సర్దుకుంటుందని బావగారు ఏ ధైర్యంతో అంటున్నారో గానీ, నేనైతే అనను.

ఇదంతా అలా ఉంచండి. రేట్లు నిజంగా తగ్గుతాయనే అనుకుందాం. ఈ ఆరు నెలలూ మీరు సాయంత్రాలు ఒకరి ఆఫీసులో, వాళ్ల కుర్చీ ఖాళీ అయ్యేదాకా కూర్చుని, రాత్రి ఆటో పట్టుకుని ఇంటికి రావాలి. ఇంట్లో సిస్టమ్ ఉంటే మీరు ఇంకో ఇద్దరు షాపువాళ్ల పని తీసుకోగలరా? తీసుకోగలిగితే బావగారు చెప్పే పదివేలు ఎటు పోతాయో లెక్కలు రాసే మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆడుకోవడానికో, సరదాకో కొనేవాళ్లకైతే ఆగమనే చెబుతాను.

అయితే ఆయన సలహాలో పనికొచ్చే ముక్క ఒకటుంది. కంప్యూటర్ మొత్తం కొనడం ఆపక్కర్లేదు, రేటు పెరిగిన ముక్కను మాత్రం తక్కువ కొనొచ్చు. మీ కొటేషన్‌లో 16 జీబీ ర్యామ్ బదులు 8 జీబీ ఒకటే స్టిక్ వేయించండి. మదర్‌బోర్డులో రెండో స్లాట్ ఖాళీగా ఉండాలి, ఇది మర్చిపోవద్దు. ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్‌లో జీఎస్టీ పోర్టల్ వీటికి 8 జీబీతో పని నడుస్తుంది. ముప్పై ట్యాబులు తెరిచి పెట్టుకునే అలవాటుంటే మానుకోవాలి, అంతే. రేట్లు దిగినప్పుడు ఇంకో 8 జీబీ గుచ్చుకోవడం రెండు నిమిషాల పని. బోర్డు డీడీఆర్4దా, డీడీఆర్5దా అన్నది బిల్లు మీద రాయించుకోండి. ఒకదాని ర్యామ్ ఇంకొకదానిలో పట్టదు.

ప్రాసెసర్ ఐ5 కూడా మీ పనికి ఎక్కువే. ఐ3-12100 లాంటిది హాయిగా సరిపోతుంది. ఐ3 అనగానే షాపులో మొహం అదోలా పెడతారు, పట్టించుకోవద్దు. ఇక్కడ రెండు మెలికలున్నాయి. నంబరు చివర ఎఫ్ ఉంటే, అంటే 12100ఎఫ్ అని ఉంటే, దానికి లోపల గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు కొంటే తప్ప స్క్రీన్ మీద బొమ్మ రాదు. కాస్త చవకగా ఉంది కదా అని దాన్ని కొటేషన్‌లో పెట్టి, తర్వాత ‘కార్డు కావాలండీ’ అనే వ్యాపారం ఒకటుంది. రెండోది, కొటేషన్ మీద ఉత్త ‘ఐ5’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ఐ5 అనేది 2009 నుంచీ ఉంది. పూర్తి నంబరు అడగండి. ఐ5-6500 అంటే ఆరో తరం, 8500 అంటే ఎనిమిదో తరం, 12400 అంటే పన్నెండో తరం. పదిహేను వేలకు కొత్త ఐ5 అసెంబుల్డ్ సిస్టమ్ అని ఎవరైనా బోర్డు పెడితే, మెరిసే కొత్త క్యాబినెట్‌లో రెండో తరమో మూడో తరమో ప్రాసెసర్ కూర్చుని ఉండే అవకాశమే ఎక్కువ.

మీకు 16 వేలకు ఇస్తామన్న సిస్టమ్‌ను వద్దన్నది కూడా దీనికే. ఆఫీసుల్లో వాడి తీసేసినవి యంత్రంగా చెడ్డవేం కావు. పెద్ద కంపెనీలు కొన్నేళ్లకోసారి మొత్తంగా మార్చేస్తుంటాయి, వాటిలో గట్టివి చాలా ఉంటాయి. చిక్కు విండోస్‌తో. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆపైన ఉండాలి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. ఆ రేటుకు వచ్చేవి ఎక్కువగా నాలుగో తరం, ఆరో తరంవి. ‘విండోస్ 11 మేమే వేసిస్తాం’ అంటారు, వేస్తారు కూడా, దొడ్డిదారిన. రేపు ఏదో పెద్ద అప్‌డేట్ దగ్గర అది మొండికేస్తే అడిగే హక్కు మీకుండదు. మీ దగ్గర ఉండేవి మీ ఫొటోలు కావు, నలుగురి వ్యాపారాల లెక్కలూ పోర్టల్ పాస్‌వర్డులూ. డబ్బు నిజంగా సర్దుబాటు కాకపోతే, అదే షాపులో ఎనిమిదో తరం ఐ5-8500 లాంటిది ఉందేమో అడగండి. కొంచెం ఎక్కువ చెబుతారు. దానికి నేను అడ్డు చెప్పను.

విండోస్ అన్నాను కాబట్టి, 47 వేల కొటేషన్‌లో విండోస్ లైసెన్సు ఉందా అని ఫోన్ చేసి కనుక్కోండి. బహుశా ఉండదు. ‘వేసిస్తామండీ’ అన్నారంటే లైసెన్సు లేనిది అని అర్థం. లినక్స్ వాడుకోమని మామూలుగా సలహా ఇచ్చేవాణ్ణి, ట్యాలీ విండోస్ మీద నడిచేది కాబట్టి మీకు ఆ దారి లేదు. అందుకని ఇంకో పని చేయండి. పేరున్న కంపెనీల రెడీమేడ్ డెస్క్‌టాప్‌లలో ఐ3, 8 జీబీ రకం రేటు కనుక్కోండి. వాటిలో విండోస్ ఖరీదు కలిసే ఉంటుంది, ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ కూడా ఉంటుంది. అసెంబుల్డ్‌కు లైసెన్సు ఖరీదు కలిపి చూస్తే రెండింటికీ పెద్ద తేడా ఉండకపోవచ్చు. అప్పుడు రెడీమేడ్ తీసుకోమనే నా ఓటు. మానిటర్‌లోనే అన్నీ ఇమిడిపోయే ఆల్‌ఇన్‌వన్ మాత్రం వద్దు. చూడముచ్చటగా ఉంటుంది, ఏది పాడైనా మొత్తం మోసుకుపోవాలి.

ఎక్కడ కొనాలన్నది మీరు అడగలేదు గానీ, నాకది ముఖ్యమనిపిస్తుంది. గవర్నర్‌పేటలో వెయ్యి, రెండు వేలు తక్కువకు రావచ్చు. కానీ 19వ తారీఖు సాయంత్రం సిస్టమ్ ఆన్ కాకపోతే, 20లోపు మీ పార్టీల జీఎస్టీఆర్-3బీలు, అంటే నెలవారీ పన్ను రిటర్నులు వేయాలి. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల చొప్పున పడే రుసుము ఒక్కటే కాదు, మీ మీద నమ్మకం పోతుంది. ఆ రాత్రి క్యాబినెట్ నెత్తిన పెట్టుకుని 35 కిలోమీటర్లు బస్సులో వెళ్తారా? అసెంబుల్డ్ అయితే గుంటూరులోనే, బ్రాడీపేట, అరండల్‌పేటల్లో పదేళ్లుగా నడుస్తున్న షాపు చూసుకుని, పిలిస్తే మనిషిని పంపుతాడా అని మీకు తెలిసిన ఆఫీసువాళ్లనే అడగండి. ఆ వెయ్యి రూపాయలు అందుకు ఇస్తున్నాననుకోండి. బిల్లు మీద ప్రతి ముక్క నంబరూ విడివిడిగా రాయించుకోండి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ఎస్‌ఎస్‌డీ, మానిటర్ వేటి వారంటీ వాటికే ఉంటుంది. డబ్బులిచ్చే ముందు షాపులోనే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీ చూడండి. ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, స్లాట్లు ఎన్నింటిలో ఎన్ని వాడారు అన్నీ అక్కడే కనిపిస్తాయి.

తగ్గించుకున్న డబ్బులో కొంత, కరెంటు పోయినా కాసేపు కంప్యూటర్‌ను నడిపే యూపీఎస్‌కు పెట్టండి. 600 వీఏది చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉందనుకుంటే ముందు దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలోనే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది, ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి తప్పు కంప్యూటర్‌దే అనుకుంటాం. ఎర్తింగ్ కూడా ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అరలో క్యాబినెట్‌ను పెట్టి మూసేయొద్దు, మన మే నెల ఎండలకు అది లోపల ఉడికిపోతుంది. ట్యాలీ డేటా రోజూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి, వారానికోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి వెళ్లాలి. ఎస్‌ఎస్‌డీ పోయేటప్పుడు పాత హార్డ్‌డిస్క్‌లా టకటకమని హెచ్చరించదు, ఒక పొద్దున కనబడకుండా పోతుంది.

రేపు అమ్ముకుంటే ఎంతొస్తుందన్న ఆలోచన పెట్టుకోవద్దు. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్‌కు తరుగుదల 40 శాతం అని మీకు తెలిసిందే. 47 వేలది మూడేళ్లకు పుస్తకాల్లో పదివేల చిల్లర. బజార్లో అదీ రాకపోవచ్చు. అందుకే ముందుముందు పనికొస్తుందేమో అని ఇవాళ పెద్దది కొనడం ఈ ఒక్క వస్తువు విషయంలో దండగ. ముందుముందు కావలసింది ముందుముందే కొనుక్కోవచ్చు.

చివరగా, కొనే రోజు. పంచాంగం మీ ఇష్టం గానీ, నన్నడిగితే 21వ తారీఖు చూసుకోండి. రిటర్నులు అప్పటికి అయిపోయి ఉంటాయి, మళ్లీ అమ్మకాల వివరాల జీఎస్టీఆర్-1 వేయాల్సిన 11వ తారీఖుకు దాదాపు మూడు వారాల వ్యవధి ఉంటుంది. ఆలోగా ట్యాలీ డేటా తెచ్చి ఎక్కించుకుని, ప్రింటరు కలిపి, ఏదైనా తేడా చేస్తే షాపువాణ్ణి పిలిపించుకోండి. ఆ మొదటి నెల మాత్రం అరండల్‌పేట ఆఫీసులో చోటు వదులుకోవద్దు.